ఫెస్టస్‌కి కట్టిన తప్పు

ఫుట్‌బాల్ కప్పు సెమీఫైనల్లో దేశం జట్టు న్యూజిలాండ్ చేతిలో ఓడి బయటపడ్డాక, ఆ దీవుల రాజధాని హోనియారా కొన్నాళ్ళు ఏడ్చింది, కొన్నాళ్ళు తిట్టుకుంది, ఆ తర్వాత వక్క నములుకుంటూ మామూలైపోయింది. మామూలు కానివాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకడు ఫెస్టస్. ఆట ఆఖర్లో దొరికిన పెనాల్టీని గోలులోకి కాకుండా పైబారు మీదుగా కొండవాలులో కూర్చున్న జనంలోకి తన్నినవాడు. రెండోది వాడి అక్క హిల్డా. తల్లి పోయినప్పటి నుంచి వాణ్ణి తనే పెంచింది కాబట్టి, ఆ బంతి తన కాలి నుంచే పైకి లేచినట్టు బాధపడుతోంది.

మూడో బాధితులూ ఉన్నారు గానీ వాళ్ళని మనుషుల్లో కలపాలో వద్దో తెలీదు. అది బిస్కెట్ కంపెనీ. కప్పు మొదలవక ముందు ఊళ్ళో ఫెస్టస్ మొహం లేని గోడ లేదు. కంపెనీ వాళ్ళు వాణ్ణి పట్టుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వించి, చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి ఫొటో తీశారు. బస్సుల వెనకాల వాడే, రేవు దగ్గర పెద్ద బోర్డు మీదా వాడే. రేడియో పెడితే "గోలు కొట్టు, బిస్కెట్ పట్టు" అని వాడి గొంతే. సెమీఫైనల్ గెలవడం ఖాయమన్న ధీమాతో వాడి మొహం అచ్చు వేయించిన నీలం గుడ్డని బేళ్ళకి బేళ్ళు ఓడలో తెప్పించారు కూడా. గెలిచిన రోజు ఊరు ఊరంతా అదే కట్టుకుంటుందని వాళ్ళ ఆశ.

ఓడిన మర్నాడు పొద్దున్నే ఆ బోర్డుకి నిచ్చెన వేశారు. మధ్యాహ్నానికల్లా ఫెస్టస్ ఉన్నచోట బోసినవ్వు నవ్వే చంటిపాప వచ్చింది. రేడియో వాళ్ళకి మాత్రం నెలాఖరు దాకా డబ్బు ముందే ముట్టిందేమో, ఆ పాట ఆపలేదు. ఓడిపోయిన ఊరికి పూటపూటకీ "గోలు కొట్టు" అని వినపడితే ఒళ్ళు మండదా? బస్సుల్లో డ్రైవర్లు ఆ పాట రాగానే రేడియో నెత్తిన ఒకటిచ్చేవాళ్ళు.

ఫెస్టస్ మాత్రం ఏ బస్సూ ఎక్కలేదు. బర్న్స్ క్రీక్ పేటలో అక్క ఇంటి వెనకున్న వంటపాకలో దూరి, అక్కడే చాప పరుచుకున్నాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే ఊరుకునేవాడు. తెల్లారితే చాలు అది కావాలి ఇది కావాలి అని పీక్కుతినే మనిషి, టీలో పంచదార వెయ్యడం మర్చిపోయినా కిమ్మనకుండా తాగేశాడు. హిల్డాకి అన్నిటికంటే అదే భయం వేసింది. ఇంతలో వాడి క్లబ్బు కోచ్ కబురు పంపాడు: శనివారం ప్రాక్టీసుకి రాకపోతే వాడి స్థానం ఇంకొకడికి ఇచ్చేస్తానని.

"పోరా తమ్ముడూ," అంది హిల్డా. "ఎవరూ ఏమీ అనట్లేదు. నీ తప్పేం లేదని అందరూ అంటున్నారు."

"ఎందుకు లేదక్కా? తన్నింది నేనేగా."

"అయితే మాత్రం, ఆటన్నాక..."

"మనవాళ్ళల్లో తప్పు చేసినవాడు ఏం చేస్తాడు? తప్పు కడతాడు. పందినో గవ్వల దండనో తెచ్చి నలుగురిలో ఇచ్చి, చెయ్యి కలిపి, అప్పుడు తలెత్తుకు తిరుగుతాడు. అవునా? మరి నేనెవరికి కట్టను? ఇంత దేశానికి కట్టాలంటే ఎన్ని పందులు కావాలి? కట్టేదాకా నాకు నోరెత్తే హక్కు లేదు. ఒకరిని ఏదీ అడిగే హక్కు అంతకన్నా లేదు."

 వాడన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ లేదు మరి. తమలా మలైతా దీవిలో పుట్టినవాళ్ళెవరైనా అదే మాట అంటారు. శనివారం వస్తోంది, వీడు కదలడు, ఆ స్థానం కాస్తా పోతే ఇంక జన్మలో ఆ పాకలోంచి బయటికి రాడు. 

ఆ దిగులుతోనే హిల్డా వేయించిన చేపలూ చిలగడదుంపలూ బుట్టకెత్తుకుని మార్కెట్టుకి పోయింది. పక్క బల్ల నెట్టీది. పడమటి దీవుల్లో గిజో వైపు మనిషి, పైనాపిల్స్ అమ్ముతుంది, మాటకి మాట బాకీ ఉంచదు. ఆ పొద్దున నెట్టీ తన బల్ల కిందున్న గంప ఎత్తడానికి ఇటు వీపు పెట్టి వంగింది. ఆమె లుంగీ మీంచి, సరిగ్గా కూర్చునే చోటు నుంచి, ఫెస్టస్ పళ్ళన్నీ బయటపెట్టి హిల్డాని చూసి నవ్వాడు.

"ఏమే నెట్టీ! ఏంటే అది నీ వెనకాల?"

"కొత్త లుంగీయే. కంపెనీ కొట్లో కుప్ప పోసి అమ్ముతున్నారు. ఒకటి కొంటే ఒకటి ఊరికే. బాగుందా?" నెట్టీ అటూ ఇటూ తిరిగి చూపించింది.

"అది మా తమ్ముడి మొహమే!"

"తెలుసులేవే, అందుకేగా కొన్నాను. బంతి కాస్త కిందకి తంతే బాగుండేది గానీ, మొహానికేం, అందగాడు."

"మగవాడి మొహం తీసుకొచ్చి ఆడదాని నడుం కింద... నీ దుంపతెగ, విప్పవే ముందు!"

"ఇక్కడా? మీ మలైతా ఆచారాలు నాకు తెలీవు గానీ, బజార్లో లుంగీ విప్పే ఆచారం మా గిజోలో లేదే తల్లీ."

చుట్టుపక్కల బల్లల వాళ్ళంతా నవ్వారు. హిల్డాకి నవ్వు రాలేదు. ఆమె పుట్టిన చోట మగవాళ్ళు ఆడవాళ్ళ బట్టలు ఆరేసిన తాడు కింద నుంచి నడవరు, చుట్టు తిరిగి పోతారు. అక్క తమ్ముడి చాప దాటదు. అలాంటిది, వాడి మొహమే ఊళ్ళో ఆడవాళ్ళందరి నడుముల మీదా ఊరేగితే? ఒఫాసియా బాబాయి చూస్తే కత్తి పట్టుకుని కంపెనీ మీదకి పోతాడు. ఫెస్టస్ చూస్తే మాత్రం ఎవరి మీదకీ పోడు, ఇదీ తనకి తగిందేలే అని పాకలో ఇంకో మూలకి జరుగుతాడు. హిల్డా చేపల మీద అరిటాకు కప్పేసి లేచింది.

కొట్లో నిజంగానే కుప్ప పోశారు. పైన అట్టముక్క మీద పాత ధర కొట్టేసి కొత్తది, కొత్తది కొట్టేసి ఇంకా కొత్తది రాసి ఉంది. ఆ కుప్పలో తమ్ముడు అన్ని వైపులా తిరిగి నవ్వుతున్నాడు, కొన్నిచోట్ల తలకిందులుగా కూడా.  ఉన్న గుడ్డంతా, వెనక గదిలోది కూడా తనకే కావాలని హిల్డా దాచుకున్న డబ్బంతా తీసి బల్ల మీద పెట్టింది.

లెక్క రాసే పిల్ల ఆశ్చర్యపోయింది. "ఇంతా ఏం చేసుకుంటావు ఆంటీ? కొట్టు పెడతావా?"

"మా తమ్ముడంటే నాకు ప్రాణం. నువ్వు మూటలు కట్టు."

సరుకంతా ఒక్క దెబ్బతో పోయేసరికి లోపల్నుంచి మేనేజరు చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "ఫెస్టస్‌కి మళ్ళీ గిరాకీ వచ్చిందన్నమాట! నేననుకుంటూనే ఉన్నా. ఇంకో ఓడ తెప్పించమంటావా?"

"తెప్పించావంటే మా బాబాయిలందరినీ వెంటబెట్టుకొస్తాను," అంది హిల్డా.

"తప్పకుండా తీసుకురా, వాళ్ళకీ తగ్గిస్తా," అన్నాడా మహానుభావుడు.

అప్పటికే కొనుక్కుపోయిన నలుగురైదుగుర్ని వెతికి పట్టుకుని, వేయించిన చేపలిచ్చి బతిమాలి గుడ్డలు వెనక్కి తీసుకుంది. నెట్టీ ఒక్కతే ఇవ్వలేదు. కానీ లుంగీ మార్చుకుని, ఆ నీలం గుడ్డని తలకి చుట్టుకుంది. "ఇప్పుడు నీ తమ్ముణ్ణి నెత్తిన పెట్టుకున్నాను, సరేనా?" అంది. హిల్డా సరేనంది.

మూటలు ఇంటికి చేరాయి గానీ పెట్టే చోటేది? సెమీఫైనల్ చూడ్డానికి మలైతా నుంచి ఓడెక్కి వచ్చిన చుట్టాలు ఇంకా తిరుగు ఓడ ఎక్కలేదు. నేలంతా వాళ్ళే, గోడలంతా వాళ్ళ సంచులే. హిల్డా తన చెక్క మంచం మీదున్న పాత పరుపు వాళ్ళకిచ్చేసి, ఆ చెక్కల మీద గుడ్డల మూటలు సమంగా సర్ది, పైన చాప పరిచింది. ఎవరికీ అనుమానం రాదు. కంపెనీ ఎలాంటిదైనా గుడ్డ మాత్రం మెత్తగా ఉంది. తమ్ముడి పరువు కాపాడానన్న తృప్తితో హిల్డా హాయిగా నిద్రపోయింది. ఏళ్ళ తరబడి పీడిస్తున్న నడుం నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని మార్కెట్టులో అందరికీ చెప్పుకుంది కూడా.

ఇది వింటున్నది మలైతా వాళ్ళయితే ఈపాటికి నోటి మీద చెయ్యి వేసుకుని ఉంటారు. హిల్డాకి మాత్రం తట్టలేదు. మంచి పని చేస్తున్నామనుకున్నప్పుడు మనిషికి కళ్ళు కాస్త మసకేస్తాయేమో.

ఆ వారంలోనే పెద్ద వాన కురిసింది. రేకుల సందులోంచి నీళ్ళు కారి మంచం తడిసి ముద్దయింది. తెల్లారి ఎండ కాయగానే, గుడ్డ ముక్కిపోతుందని హిల్డా మూటలు విప్పి పెరట్లో తాడు మీద ఆరేసింది. తాడు చాలక తన లంగాలు పక్కకి జరిపి, వాటి మధ్య మధ్య కూడా వేసింది. గాలికి ఫెస్టస్‌లందరూ ఊగుతూ నవ్వుతున్నారు. సరిగ్గా అప్పుడే అసలు ఫెస్టస్ మొహం కడుక్కుందామని పాకలోంచి బయటికి వచ్చాడు.

తాడు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. "అక్కా, ఏంటిది?"

హిల్డా గబగబా మొత్తం చెప్పేసింది. కంపెనీ కుప్ప, నెట్టీ నడుం, తను పరుగెత్తడం. "నీ పరువు పోకూడదని ఉన్నదంతా నేనే కొనేశాను రా."

"కొని?"

"ఇంట్లో దాచాను."

"ఇంట్లో ఎక్కడ? కాలు పెట్టే చోటు లేదుగా."

"మంచం..." హిల్డా నసిగింది.

"మంచం కిందా?"

అవునంటే సరిపోయేది. హిల్డాకి అబద్ధం చెప్పడం చేతకాదు. "కింద కాదు రా. మీద. చాప పరిచి..."

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆమెకి తెలిసొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ చుట్టపు ఆడవాళ్ళు ఒక్కసారిగా "అమ్మో" అన్నారు. నెట్టీ పాపం తెలియక ఒక్క పూట ఒక్క గుడ్డ కట్టుకుంది, బజార్లో దాన్ని నిలబెట్టి కడిగేసింది తను. తనేమో రక్తం పంచుకున్న తమ్ముడి మొహాల మీద రోజుల తరబడి దొర్లి, నడుం నొప్పి తగ్గిందని ఊరంతా చాటుకుంది. హిల్డా సిగ్గుతో చచ్చిపోయింది. వాడు ఇంకా కుంగిపోతాడు, ఇంక ఈ ఇంట్లో కూడా ఉండడు అనుకుంది.

 ఫెస్టస్ చెంబు నేలకేసి కొట్టాడు. "బాబాయ్! ఒఫాసియా బాబాయ్! ఇలా రా! నాకు న్యాయం కావాలి!"

ఆ కేకకి నాలుగు వీధుల కుక్కలు లేచి మొరిగాయి. హిల్డా ముందు హడలిపోయింది. ఆ తర్వాత, అంత భయంలోనూ ఒక సంగతి గమనించింది: వీడు అరుస్తున్నాడు. కావాలి అంటున్నాడు.

వీధి మొగలో వక్కలమ్మే ఒఫాసియా బాబాయి సున్నం డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. చుట్టాలు చెప్పింది విని తాడు వంక చూశాడు, మంచం వంక చూశాడు, ఎర్రగా ఉమ్మేసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమ్మా, నిజమేనా?"

"నిజమే బాబాయ్."

"తెలిసి చేశావా?"

"నిద్రలో చేశాను."

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వి సర్దుకున్నారు. బాబాయి నవ్వలేదు. "ఏం కావాల్రా నీకు?"

"పంది."

"సొంత అక్కరా. కోడితో సరిపెట్టుకో."

"సొంత అక్క కాబట్టే పంది. కంపెనీ వాడు నన్ను కుప్ప పోసి ఒకటి కొంటే ఒకటి ఊరికే అని అమ్మాడు. ఇంట్లో వాళ్ళ దగ్గర కూడా నా మొహానికి అంతేనా ధర? చెప్పు బాబాయ్, అంతేనా?"

"సరే, పందే కడతాను," అంది హిల్డా వెంటనే.

బాబాయికి కోపం వచ్చింది. "బేరమాడవేంటమ్మా! ఎవరైనా మొదటి మాటకే ఒప్పుకుంటారా? రేపట్నుంచి మనవాళ్ళందరికీ ధరలు పెంచి పెడుతున్నావు!"

"పోనీ బాబాయ్. వాడడిగాడు, నేనిస్తాను." ఆమెకి ఏడుపు, నవ్వు కలిసి వస్తున్నాయి. వాడు అడిగాడు. అది చాలు. ఏనుగుని అడిగినా ఎక్కడినుంచో తోలుకొచ్చేదే.

క్రిస్మస్‌కని ఆమె పెంచుతున్న నల్ల పంది ఒకటుంది, తమ్ముడి కన్ను దాని మీదే ఉందని తెలుస్తూనే ఉంది. తప్పు కట్టినవాళ్ళు ఆ మాంసం ముట్టకూడదు. "మేపింది నేను, మెక్కేది మీరు," అని చుట్టాలని దెప్పింది హిల్డా. పంది కోస్తారని తెలిశాక తిరుగు ఓడ మాట వాళ్ళు ఎత్తనే లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అందరి ముందూ పంది తాడు తమ్ముడి చేతిలో పెట్టింది. చెయ్యి కలిపారు. బాబాయి "అయిపోయింది, ఇంక ఈ మాట ఎవరూ ఎత్తకూడదు" అన్నాడు. పందిని కోసి, ఆకుల్లో చుట్టి, కాల్చిన రాళ్ళ మధ్య పెట్టి కప్పేశారు. ఆ నీలం గుడ్డలన్నీ కలిపి కుట్టించి ఫెస్టసే పెరడంతా పందిరి వేయించాడు. మొహం మనుషుల తలల పైన ఉంటే ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు. బర్న్స్ క్రీక్ అంతా వచ్చింది. తలపాగాతో నెట్టీ వచ్చింది. ఫెస్టస్ జట్టు కుర్రాళ్ళూ వచ్చారు. అంతమందిలోకి వెళ్ళనని మొండికేస్తాడేమోనని హిల్డా భయపడింది గానీ, వాడు ఆకుల్లో మాంసం పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ తనే వెళ్ళి వడ్డించాడు. చిన్నాపెద్దా ఎవర్నీ వదల్లేదు, వద్దన్నవాళ్ళకి కూడా ఒక ముక్క బలవంతం చేశాడు.

అందరి నోళ్ళూ నిండాక బాబాయి పిలిచాడు. "నువ్వూ కూర్చోరా, చల్లారిపోతుంది."

"నేను తినకూడదు బాబాయ్."

"ఎందుకు తినకూడదు? నీకు కట్టిన పందేగా."

"అక్క నాకు కట్టింది. నేను మీకు కట్టాను." ఫెస్టస్ చేతులు తుడుచుకున్నాడు.  "ఆ పెనాల్టీకి. దేశం మొత్తానికి కట్టే స్తోమత నాకు లేదు. బర్న్స్ క్రీక్‌కైనా కడదామని."

నమిలే దవడలన్నీ ఆగిపోయాయి. కడుపులోకి పోయిన మాంసాన్ని కాదనడం ఎవరి తరమూ కాదు. తిన్నారంటే పుచ్చుకున్నట్టే.

"మోసం చేశావు కదరా," అన్నాడు బాబాయి నోట్లో ముక్కతోనే.

"ముందే చెబితే నీ తప్పేం లేదంటారు. అది విని విని ఉన్నాను బాబాయ్."

హిల్డా తల దించుకుంది. రోజూ ఆ మాట అన్నది తనే. ప్రేమ కొద్దీ అంది. వాడికి కావలసింది ఆ మాట కాదని, తప్పు కట్టడానికి ఒక దారి అని ఇప్పుడర్థమైంది.

బాబాయి తొందరపడకుండా నమిలాడు, మింగాడు, వేళ్ళు నాకాడు. "తిన్నాం. అయిపోయింది. ఇకమీదట ఆ బంతి మాట ఎత్తినవాడు నాకో పంది కట్టాలి. చెవిటివాళ్ళెవరైనా ఉంటే పక్కవాళ్ళు చెప్పండి." జట్టు కుర్రాళ్ళు కేకలు పెట్టారు. నెట్టీ తన దీవికి కూడా వర్తిస్తుందా అని అడిగి, వర్తిస్తుందని తెలుసుకుని ఇంకో ముక్క వేయించుకుంది.

ఫెస్టస్ వచ్చి వంటపాక మెట్టు మీద అక్క పక్కన కూలబడ్డాడు. అంతమందిలో ఆ మాంసం ముట్టకూడనివాళ్ళు వాళ్ళిద్దరే.

"అక్కా, ఆకలేస్తోంది. ఏమైనా ఉందా?"

హిల్డా లోపలికెళ్ళి ఉడికించిన చిలగడదుంపలు తెచ్చింది. పెద్దది తీసి వాడి చేతిలో పెట్టింది. వాడది రెండుగా విరిచి, వేడికి ఊదుకుంటూ తినసాగాడు.

"రేపు పొద్దున్నే లేపక్కా, ప్రాక్టీసుంది," అన్నాడు.

"లేపుతాలే," అంది హిల్డా.